ఎడమచేతి చీటీ

ఆ రేకు డబ్బా మీది. ఆ బల్ల మీది. తిరగని ఫ్యాను మీది, రెండు తలుపుల వెనక ఆ గది మీది, ఆ గదిలో ఘాటు మీది. దుప్పట్లు పాలలా తెల్లగా రావాలని హుకుం వేసిన యజమానీ, ఆ తెలుపు కోసం ఎవరి ఊపిరి పొయ్యాలో ఏసీ గదిలో కూర్చుని తేల్చిన మేనేజరూ, అంతా చూస్తూ బూటు లేసు కట్టుకున్నట్టు నటించిన సూపర్‌వైజరూ, మీ ముగ్గురినీ అడుగుతున్నాను. మీకు నా చెయ్యి ఎందుకు కావాల్సొచ్చింది? మీ చేతులకేం రోగం? అక్కని లోపలికి తొయ్యాలనుకుంటే మీరే తొయ్యలేకపోయారా?

తొయ్యరు. తోస్తే మీ చెయ్యి జనానికి కనబడుతుంది. అందుకని నా చెయ్యి అడిగారు.

నేను ఇచ్చాను. ఇక్కడితో మిమ్మల్ని తిట్టడం ఆపుతాను. ఇక నా సంగతి.

మంగళవారం జరిగింది మళ్ళీ చెప్పాలంటే నోరు రావడం లేదు. రావడం లేదు కాబట్టే చెబుతున్నాను.

మాది లాండ్రీ. ఆస్పత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు ఉతికి ఇస్త్రీ చేసి పంపడం మా పని. నలభై ఇద్దరం. వేడి రోలరు కిందనించి దుప్పటి బయటికి రాగానే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి అందుకుని మడత పెట్టాలి. నాలుగేళ్ళుగా నాకెదురుగా నిలబడేది అక్క. తోడబుట్టింది కాదు. లాండ్రీలో అందరికీ అక్కే, తనకంటే పెద్దవాళ్ళకి కూడా.

నెత్తుటి మరకలు, మందుల మరకలు పోగొట్టేది బ్లీచింగ్ గదిలో. ఆ గదిలో గాలి బయటికి తోసే ఫ్యాను ఆగిపోయి పదకొండు నెలలు. అక్కడ పనిచేసిన బాబాయి ఇప్పుడు ఒక అంతస్తు మెట్లెక్కాలంటే మూడు చోట్ల కూర్చుంటాడు. ఆయన పని మానేశాక సూపర్‌వైజరు తనకి గిట్టనివాళ్ళ వైపు వేలు చూపించి లోపలికి పంపడం మొదలుపెట్టాడు. అక్క రెండు రోజులు మిషన్లు ఆపించింది. "ఫ్యాను బాగుచెయ్యండి. అందాకా చీటీ వెయ్యండి. ఎవరి పేరొస్తే వాళ్ళు ఆరు నెలలు. చీటీకి చుట్టాలుండరు, పగలుండవు" అంది. ఫ్యాను ఇవ్వలేదు గానీ చీటీకి ఒప్పుకున్నారు.

మంగళవారం క్యాంటీన్లో డబ్బా పెట్టారు. ఎవరు తియ్యాలన్నప్పుడు "గారడీ! గారడీ!" అని అందరూ అరిచారు. గారడీ అంటే నేనే. పుస్తకం చదివి, వీడియోలు చూసి నేర్చుకున్న విద్యలు టీ టైములో చేస్తుంటాను కదా, ఆ పేరు పడిపోయింది. నేను చెయ్యి పెట్టాను, తీశాను, విప్పాను. అక్క పేరు.

అక్క ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత నవ్వింది. "చీటీ అడిగింది నేనే. నా పేరొచ్చిందని కాదంటానా? సోమవారం నించి వెళ్తా" అంది. ప్యాకింగులో ఇద్దరు ముక్కులు తుడుచుకున్నారు.

ఆ చీటీ డబ్బాలోంచి రాలేదు. అది పొద్దుటినించీ నా అరచేతిలోనే ఉంది.

*

ఆ విద్య ఎలా వచ్చిందో చెప్పాలి. మూడేళ్ళ కిందట ఒక ఆస్పత్రి మూటలో, దుప్పటి మడతల్లో ఒక పుస్తకం దొరికింది. ఎవరో రోగి చదువుకుంటూ మర్చిపోయి ఉంటాడు. మూటల్లో ఏం దొరికినా ఆఫీసులో ఇచ్చెయ్యాలి. కళ్ళజోళ్ళు, ఉంగరాలు, ఒకసారి కట్టుడు పళ్ళు కూడా ఇచ్చాం. పుస్తకం మాత్రం నేను చొక్కాలో దోపుకున్నాను. దాన్నిండా చేతుల బొమ్మలు. వేలు ఎటు వంచాలో బాణం గుర్తులు. రెండు పేజీలు తడిసి అంటుకుపోయాయి. మొదటి పేజీలో నియమాలున్నాయి. చూసేవాళ్ళు తాము చూడాలనుకున్నదే చూస్తారు. దాచిన చెయ్యి దాచినట్టుండకూడదు, అలిసిపోయిన చెయ్యిలా ఉండాలి. ఒకే విద్యని ఒకే జనం ముందు రెండోసారి చెయ్యకూడదు.

బొమ్మలతో కుదరనివి ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. నల్లగుడ్డ పరిచిన బల్ల, దాని వెనక తెల్లచొక్కా, రెండు చేతులు. మొహం కనబడదు. ఆయన భాష నాకు రాదు. చేతులు చాలు. వేగం సగానికి తగ్గించుకుని, ఆయన కుడి కదిలితే నేను ఎడమ, ఆయన ఎడమ కదిలితే నేను కుడి కదిపేవాణ్ణి. ఎందుకంటే మడత పెట్టేవాడికి అదే ఒంటబట్టిన పని. ఎదుటి మనిషి కుడి వస్తే మన ఎడమ వెళ్ళాలి. లేకపోతే దుప్పటి మెలిపడుతుంది. ఆ తెల్లచొక్కాని కూడా నేను అవతలి అంచు పట్టుకున్న మనిషిలాగే చూశాను. ఏడాది గడిచాక గానీ నాకు వెలగలేదు, అన్నం తినేది కుడిచేత్తో, గారడీ చేసేది ఎడమచేత్తో అని. మార్చుకోబోతే ఒక్కటీ రాలేదు. పోనీలే, ఎవరు చూస్తారులే అనుకున్నాను.

చీటీకి ముందురోజు, సోమవారం, మేనేజరు పిలిచాడు. లోపలికెళ్ళగానే "కూర్చోండి ఆర్టిస్టు గారూ" అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ గదిలో నన్ను కూర్చోమన్నవాడు లేడు. శనివారం వార్షికోత్సవం కార్యక్రమాల కాగితం నా ముందు పెట్టాడు. నాలుగో వరసలో అచ్చయి ఉంది: ఇంద్రజాలం, ముప్పై నిమిషాలు.

"యజమాని గారు కుటుంబంతో వస్తున్నారు. లైట్లు, మైకు, అన్నీ. టీ గ్లాసుల మధ్య ఎన్నాళ్ళు చేస్తారండీ ఇంత విద్య పెట్టుకుని?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "రేపు చీటీ మీరు తీస్తే అందరికీ సరదాగా ఉంటుంది. అక్క పేరొస్తే ఇంకా మంచిది. ఆవిడ లోపలుంటే ఫ్యాను సంగతి మేమూ తొందరగా చూడాల్సొస్తుంది కదా. ఆలోచించండి, అందరికీ మంచిదే" అన్నాడు.

నేను సరే అనలేదు. కాదనీ అనలేదు. నేను అడిగింది ఒకటే.

"తెర ఉంటుందా సార్?"

ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

*

శనివారం పొద్దున మా ఆవిడ నల్లకోటుకి ఆఖరి కుట్టు వేసి దారం పళ్ళతో కొరికింది. పాత ప్యాంటూ, అంతకంటే పాత గొడుగు గుడ్డా కలిపి కుట్టింది. లోపల ఎడంపక్క రహస్యపు జేబు.

"ఈ జేబు చూస్తే దొంగకి కుట్టినట్టుంది" అని నవ్వింది. "చెయ్యి పెట్టి చూడండి, సరిపోయిందా?"

పెట్టాను. సరిగ్గా సరిపోయింది. నా కొలతలు ఆవిడకి తెలుసు.

"మొహం అలా పెట్టారేం? భయమా? అక్క ముందు వరసలో కూర్చుంటుందిగా, ఆవిణ్ణి చూస్తూ చెయ్యండి. ధైర్యమొస్తుంది."

ఆవిడకేం తెలుసు? ఏమీ తెలీదు. నేను టీ తాగకుండానే బయటపడ్డాను.

మధ్యాహ్నం అన్నాల వేళకి రోలరు ఆగింది. అందరూ డబ్బాలు పట్టుకుని క్యాంటీనుకి వెళ్తుంటే అక్క నా భుజం తట్టింది. "ఇలా రా. ఒక దుప్పటి మిగిలిపోయింది."

దుప్పట్ల గదిలోకి వెళ్ళాం. నేల నించి పైకప్పు దాకా బీరువాల్లా దొంతర్లు. తలుపు దగ్గరికేసింది. పెద్ద దుప్పటి ఒకటి తీసి రెండు మూలలు నాకిచ్చి, రెండు తను పట్టుకుని వెనక్కి నడిచింది. మధ్యలో దుప్పటి బిగుసుకుంది.

"కోటు కుట్టడం అయిందట కదా?"

"నీకెవరు చెప్పారు?"

"నల్లదారం ఉందా అని నిన్న మరదలు మా ఇంటికొచ్చింది. లోపలి జేబు గురించి కూడా చెప్పింది. ఎంత మురిసిపోయిందో పిచ్చిపిల్ల." చేతులు కలిపింది. నేనూ కలిపాను. దుప్పటి సగమయింది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు అన్నం ఏ చేత్తో తింటావు?"

"అదేం ప్రశ్న? కుడిచేత్తో."

"సంతకం?"

"కుడే."

"రోలరు నట్టు బిగించేది?"

"కుడిచేత్తోనే అక్కా, ఏంటీ ఇంటర్వ్యూ?"

"మరి మంగళవారం డబ్బాలో ఏ చెయ్యి పెట్టావు?"

నా వేళ్ళ మధ్యనించి అంచు జారింది. అక్క తన వైపు వదల్లేదు. "పట్టుకో, ఉతికింది" అంది.

పట్టుకున్నాను.

"నువ్వు రూపాయి బిళ్ళ మాయం చేసేది ఎడంచేత్తో. రుమాలు పుట్టించేది ఎడంచేత్తో. నాలుగేళ్ళుగా నీ చేతులు నాకెదురుగా ఉన్నాయి. నా మొహం నేను అంత చూసుకోలేదు. నీ ఎడమ ముందుకొచ్చిందంటే అందులో ఏదో ఉందని నాకు ఏనాడో తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మా చిన్నది అడిగినా చెప్పలేదు. నీ ఆట చెడిపోతుందని."

"అలవాటు కొద్దీ పెట్టి ఉంటాను అక్కా." అబద్ధం నా నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో చూసి నాకే రోత పుట్టింది.

"అలవాటే అయ్యుంటుందని నేనూ అనుకున్నా. మంగళవారం అనుకున్నా, బుధవారం అనుకున్నా, గురువారం అనుకున్నా. నువ్వు కాదు అనుకోవడానికి ఎంత కష్టపడ్డానో తెలుసా? తడి దుప్పట్లు మోసినా అంత ఆయాసం రాలేదు."

రెండో మడత. ఇద్దరం ఒక అడుగు దగ్గరికొచ్చాం.

"నిన్న ఊడ్చే అత్త ఆ డబ్బా పట్టుకొచ్చింది. సూపర్‌వైజరు చెత్తబుట్టలో పడేశాట్ట. మనవడి పెన్సిళ్ళకి పనికొస్తుందని తీసింది. లోపల చీటీలున్నాయి. మనం లాండ్రీవాళ్ళం కదరా, గుట్ట కనబడితే లెక్కపెట్టకుండా ఉండలేం. అత్త లెక్కపెట్టింది. నలభై రెండు."

నేను దుప్పటి అంచు సరిచెయ్యడం మొదలుపెట్టాను.

"నలభై ఇద్దరం. ఒకటి నువ్వు తీశావు. ఎన్ని ఉండాలి?"

"ఏమో అక్కా."

"చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. ఎన్నుండాలి?"

"నలభై ఒకటి."

"అన్నీ విప్పి చూశాను. నా పేరు అందులోనే ఉంది రా. అడుగున ఓ మూల, క్షేమంగా. మరి నువ్వు తీసి చదివిందేంటి?"

అంటుకుపోయిన ఆ రెండు పేజీల్లో, లోపలున్న అసలు చీటీని ఏం చెయ్యాలో రాసి ఉంటుంది బహుశా. నాకు ఆ క్షణాన ముందు తట్టింది అదే. చేసిన పాపం కాదు, విద్యలో జరిగిన పొరపాటు! అంత హీనంగా తయారయ్యాను.

"ఏమిచ్చారు?" అంది అక్క.

"ఏమీ ఇవ్వలేదు."

"ఊరికే చేశావా?"

"స్టేజీ ఇస్తామన్నారు."

"ఏంటీ?"

"ఇవాళ సాయంత్రం. ముప్పై నిమిషాలు. తెర, లైట్లు..."

అక్క నన్ను అలాగే చూసింది. తిడుతుందనుకున్నాను. నవ్వింది. ఆ నవ్వు చూడటంకంటే చెంపదెబ్బ తినడం సులువు.

"ఆరు నెలలకి ముప్పై నిమిషాలా? బేరమాడటం కూడా రాదురా నీకు. ఇంకో పావుగంట అడగాల్సింది, వెర్రినాగన్నా."

"నువ్వు లోపలుంటే ఫ్యాను త్వరగా బాగుచేస్తామన్నారక్కా."

"నమ్మావా?"

"నమ్మాలనిపించింది."

"నువ్వే చెప్పేవాడివిగా, చూసేవాళ్ళు చూడాలనుకున్నదే చూస్తారని. నీ విద్య నీ మీదే చేశార్రా వాళ్ళు. నన్నెందుకు లోపలికి పంపుతున్నారో నీకు తెలీదా? ఆ రెండు తలుపుల వెనకనించి అరిస్తే బయటికి వినబడదు. ఆరు నెలలకి అరిచే ఊపిరి కూడా ఉండదు. నా తర్వాత ఫ్యాను మాట ఎత్తేదెవరు? నువ్వెత్తుతావా?"

నేను దుప్పటి వదిలేసి ఆమె కాళ్ళ మీదికి వంగబోయాను.

"లే. దుప్పటి నేలని పడితే మళ్ళీ ఉతకాలి."

"నేను వెళ్తానక్కా ఆ గదికి. నీ బదులు. సోమవారం నేనే వెళ్తాను."

"నువ్వు వెళ్తే ఫ్యాను తిరుగుతుందా? ఇంకో బాబాయి తయారవుతాడు, అంతే. మరదలికి నేనేం చెప్పుకోను? నీ ఊపిరి నాకెందుకురా, నీ చెయ్యి కావాలి. వాళ్ళడిగితే ఇచ్చావుగా. నేనూ అడుగుతున్నా."

మూడో మడత. ఇద్దరి చేతులూ ఒక్కచోటికి వచ్చాయి. ఆమె తన కొంగు ముడి విప్పి చీటీ ఒకటి తీసి నా ఎడమ అరచేతిలో పెట్టింది. మంగళవారం నేను చదివి ఆమె చేతికిచ్చిన చీటీ. నా చెమటకి సిరా చెదిరి, ఆమె పేరు సగం అలుక్కుపోయి ఉంది.

"అదే డబ్బా. అదే చెయ్యి. అదే జనం. సాయంత్రం మళ్ళీ చెయ్యి. ఈసారి నెమ్మదిగా, అందరికీ కనబడేలా."

అప్పుడు నేనన్న మాట కూడా చెప్పాలి. దాచకూడదు. "ఒకే విద్య ఒకే జనం ముందు రెండోసారి చెయ్యకూడదక్కా. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది" అన్నాను.

"ఏ పుస్తకం? రోగి మర్చిపోతే తిరిగివ్వకుండా దాచుకున్నావే, ఆ పుస్తకమా?"

నా వేళ్ళు చీటీ మీద ముడుచుకున్నాయి.

"నేను చెబితే 'రెండో చీటీ నువ్వే రాసుకున్నావు' అంటారు. అత్త చెబితే 'ముసల్దానికి లెక్కలు రావు' అంటారు. నీ చెయ్యి చెబితే ఎవడూ కాదనలేడు." దుప్పటిని దొంతర మీద పెట్టి అరచేత్తో చదును చేసింది. "చెయ్యకపోతే నేను నీ గుట్టు బయటపెట్టను. ఇన్నేళ్ళు పెట్టలేదు, ఇప్పుడూ పెట్టను. సోమవారం లోపలికి వెళ్తా. నువ్వు బయట నిలబడి మడత పెట్టుకో. అవతలి అంచు ఎవరు పట్టుకుంటారో చూసుకో."

తలుపు తీసుకుని అన్నానికి వెళ్ళిపోయింది.

*

సాయంత్రం అయిదింటికి క్యాంటీన్లో బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేశారు. ముందు వరసలో యజమాని, ఆయన భార్య, పక్కన మేనేజరు. మూడో వరసలో మా ఆవిడ, కళ్ళు చక్రాల్లా చేసుకుని. ఆమె పక్కన బాబాయి, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. అక్క ముందు వరసలో కూర్చోలేదు. వెనక గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. పక్కన అత్త.

తెర ఉంది. ఎర్రది. నేను అడిగిన తెర.

అది పక్కకి జరగ్గానే లైట్లు మొహం మీద పడ్డాయి. రుమాలు పుట్టించాను. చప్పట్లు. బిళ్ళని మాయం చేసి యజమాని భార్య చేతిసంచిలోంచి తీశాను. ఇంకా చప్పట్లు. నిజం చెప్పాలి, ఆ చప్పట్లు ఒంట్లోకి పాకుతుంటే ఇరవై నిమిషాలు ఇలాగే గడిపేసి దిగిపోవచ్చు కదా అనిపించింది. అక్క చెప్పనంది కదా. సోమవారం రావడానికి ఇంకా ఒక రోజుంది కదా. సిగ్గులేని మనసు ఎన్ని సందులు వెతుకుతుందో! మేనేజరు బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ వేలు చూశాక రుమాలు జేబులో పెట్టేశాను.

బల్ల కింద అత్త పెట్టిన డబ్బా ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. రేకు చప్పుడయింది. మేనేజరు బొటనవేలు దిగిపోయింది.

"ఇప్పుడొక విద్య. ఇది మంగళవారం మీ అందరి ముందూ చేశాను. అప్పుడు అది విద్య అని చెప్పలేదు. రెండోసారి చేస్తున్నాను. నెమ్మదిగా చూడండి."

కుడిచెయ్యి చూపించాను. ఖాళీ. ఎడమచెయ్యి పక్కకి వాల్చాను, పుస్తకంలో చెప్పినట్టు, అలిసిపోయిన చెయ్యిలా. తర్వాత ఆ చెయ్యిని లైటుకి ఎదురుగా తెచ్చి వేళ్ళు విప్పాను. చీటీ వేళ్ళ మొదట్లో ఇరుక్కుని ఉంది.

"ఆ రోజు ఇది పొద్దుటినించీ ఇక్కడే ఉంది. చెయ్యి డబ్బాలో పెట్టకముందే." చెయ్యి డబ్బాలో పెట్టాను, చీటీలు గలగలా కలిపాను, అదే చీటీ బయటికి తీశాను. "ఇలా తీశాను. అక్క పేరు ఇలా వచ్చింది."

చప్పట్లు కొట్టారు!

నవ్వారు, ఈలలు వేశారు. ప్యాకింగు మూలనించి ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. నేను తప్పు ఒప్పుకుంటుంటే అది కూడా ఆటే అనుకున్నారు. మూడేళ్ళుగా నేను వాళ్ళకి నేర్పింది అదే మరి, నా చెయ్యి ఏం చేసినా నవ్వి చప్పట్లు కొట్టడం. మా ఆవిడ అందరికంటే గట్టిగా కొట్టింది. ఆ చప్పట్ల కింద నేలలోకి దిగిపోతే బావుండుననిపించింది.

బాబాయి ఒక్కడే కొట్టలేదు. కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. లేవడానికే ఊపిరి చాల్లేదు. కాసేపు నోరు తెరుచుకుని ఆయాసపడి, ఒక్కో మాటా ఏరుకున్నట్టు అడిగాడు. "అయితే... ఆ పిల్ల పేరు... రాలేదా?"

"రాలేదు బాబాయ్. నేను తెచ్చాను."

చప్పట్లు ముందు వరసనించి వెనక్కి ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా ఆవిడ చేతులు మాత్రం కలిసినవి కలిసినట్టే ఉండిపోయాయి. ఆవిడ నన్ను చూడలేదు. కోటు చూసింది. ఎడంపక్క.

మేనేజరు వెనక్కి తిరిగి వేలితో సైగ చేశాడు. మైకు చచ్చిపోయింది. పాపం, ఆయన ఏసీ గదిలో మనిషి. రోలర్లు, వాషర్లు మోగుతుండగా ఈ గోడనించి ఆ గోడకి మాట్లాడుకునేవాళ్ళం మేము. మాకు మైకెందుకు?

"తీసింది నేను. తియ్యమన్నది ఈ మేనేజరు గారు. నాకిచ్చిన కూలి ఈ తెర, ఈ లైట్లు. నన్నేం చేస్తారో మీ ఇష్టం, ఇక్కడే ఉంటాను. ముందు ఆయన సంగతి తేల్చండి."

"వీడికి మతి పోయింది" అన్నాడు మేనేజరు లేచి, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "ఆ రెండో చీటీ వీడే రాసుకున్నాడు. ఏంటి రుజువు?"

రెండో చీటీ అని నేను ఇంకా అనలేదు. ఆ మాట ఆయన నోటినించే ముందు వచ్చింది.

హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక్కొక్కరే లేస్తున్నారు. వెనక అక్క కట్టుకున్న చేతులు విప్పింది. యజమాని మేనేజరు వైపు తిరిగి ఏదో అడిగాడు. మేనేజరు స్టేజీ మెట్లకీ బయటి తలుపుకీ సరిగ్గా మధ్యలో నిలబడి ఉన్నాడు. తలుపు దగ్గరికి అత్త చీపురుతో సహా వెళ్ళి నిలబడింది.

నేను డబ్బా ఎత్తి బల్ల అంచున, ఆయన వైపు పెట్టాను.

"రుజువు ఇదిగో సార్. నలభై ఇద్దరం. ఒకటి తీశాక డబ్బాలో నలభై ఒకటే ఉండాలి. పైకి రండి. నా చెయ్యి ఎవరూ నమ్మరు, నమ్మొద్దు కూడా. మీ చేత్తోనే ఒక్కొక్క చీటీ విప్పండి, పేరు చదవండి, లెక్క అందరికీ వినబడేలా చెప్పండి. నలభై ఒకటి దాటి ఇంకొక్కటి మిగిలిందా, బ్లీచింగ్ గది తాళంచెవి ఈ బల్ల మీద పెట్టండి. ఫ్యాను తిరిగేదాకా అక్కే కాదు, ఈ నలభై ఇద్దరిలో ఎవరూ ఆ గడప తొక్కరు. రండి సార్. ఒకటి నించి మొదలుపెట్టండి."